క్లీన్ కోల్ అంటారా? మురికి ఎక్కడ పోశారో చూపించండి!

కొత్త యంత్రాలు పెడితే బొగ్గుని కాలుష్యం లేకుండా కాల్చొచ్చట, దానికే క్లీన్ కోల్ అని పేరు. ఒక్క మాట రాసిపెట్టుకోండి. బొగ్గు మురికిని ఎవరూ మాయం చెయ్యలేరు. ఒక చోట తీసి ఇంకో చోట పోస్తారు, అంతే!

ఎఫ్‌జీడీ గొడవ మీకు తెలిసిందే. చిమ్నీ పొగలోంచి సల్ఫర్ డయాక్సైడ్‌ని పట్టే యంత్రం అది. 2015 డిసెంబర్‌లో కేంద్రం ఈ వాయువుని తగ్గించాలని బొగ్గు ప్లాంట్లకి రూల్ తెచ్చింది, రెండేళ్లు గడువిచ్చింది. ఆ తర్వాత వాయిదా మీద వాయిదా. చివరికి 2025 జులైలో దాదాపు 78 శాతం థర్మల్ యూనిట్లకు అది అక్కర్లేదన్నారు! మన బొగ్గులో గంధకం, అంటే సల్ఫర్, తక్కువట. చిమ్నీ ఎత్తు సరిపోతే చాలట. ఎత్తు పెంచితే ఏమవుతుందండీ? పొగ మీ ఊరు దాటి పక్క ఊరి మీద దిగుతుంది. దారిలోనే సన్నని సల్ఫేట్ ధూళిగా మారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అక్కడ పిల్లలు లేరా?

సరే, గంధకం తక్కువే, ఒప్పుకుంటా. మరి బూడిద? మన బొగ్గులో 30 నుంచి 40 శాతం బూడిదే! 100 లారీల బొగ్గు కాలిస్తే 30 పైచిలుకు లారీల బూడిద. దామరచర్ల దగ్గర యాదాద్రి ప్లాంటులో పెట్టిన సూపర్ క్రిటికల్ బాయిలర్లు మంచివే, అదే కరెంటుకి బొగ్గు కాస్త తక్కువ పడుతుంది. కానీ కాలిన టన్నులో బూడిద తగ్గదు కదా! చిమ్నీకి ముందు కరెంటు ఛార్జితో బూడిదని లాగే యంత్రం ఈఎస్‌పీ, పొగలోని బూడిదని 99 శాతం పైగా పట్టేస్తుంది, అదీ నిజమే. పట్టింది ఎక్కడికెళ్తుంది? కొంత సిమెంటుకి, ఇటుకలకి. మిగిలింది నీళ్లలో కలిపి పైపుల్లో బూడిద చెరువుకి.

మొన్న ఎండల్లో అలాంటి చెరువు పక్క ఊరికి వెళ్లా. ఒక పెద్దమ్మ తులసికోట దగ్గర ఆపి, "చూడు నాయనా" అంటూ ఆకుని వేలితో తుడిచింది. వేలంతా బూడిద. పొద్దున్నే నీళ్లు పోసి కడిగిన మొక్క అది! గాలి లేచిందంటే ఆరేసిన బట్టలు మళ్లీ ఉతకాల్సిందే. అన్నం గిన్నె మీద మూత తియ్యాలంటే తలుపులు వేసుకోవాలి.

కార్బన్‌ని పట్టి భూమిలో దాచే టెక్నాలజీ వస్తోంది కదా అంటారు. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో అలా కార్బన్‌ని పట్టాలని కట్టిన కెంపర్ బొగ్గు ప్లాంటు మీద 700 కోట్ల డాలర్లు పైగా పోశారు. 2017లో బొగ్గు పక్కనపెట్టి గ్యాస్ మీదే నడుపుకున్నారు! అంత డబ్బు మన దగ్గర ఎవరి కరెంటు బిల్లులో పడాలి?

మీ ఊరి పక్కన బూడిద చెరువు ఉందా? రేపు పొద్దున్న తులసాకుని తెల్లగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ ఫొటో ఊరి పేరుతో కామెంట్లలో పెట్టండి. వచ్చే వీడియో అంతా అవే చూపిస్తా.