జకార్తా 1962: స్టాపర్‌ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపిన రహీమ్ సాబ్

1962 సెప్టెంబర్ 4. జకార్తాలోని సెనయన్ స్టేడియంలో ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ ఫైనల్. దక్షిణ కొరియాని మనవాళ్లు 2-1తో ఓడించి బంగారు పతకం కొట్టారు. అది చాలామందికి తెలుసు. గెలుపు వెనకున్న ఎత్తుగడ గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇవాళ దాని సంగతే చూద్దాం.

ఇదే కొరియా చేతిలో మనం మొదటి మ్యాచ్ 0-2తో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0. ఒడ్డున పడ్డాం అనుకునేలోపే ఇంకో చిక్కు. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో స్టాపర్, అంటే రక్షణ వరస మధ్యలో ఆడే జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. స్టాపర్ అన్నాక పెనాల్టీ బాక్స్‌లోకి వచ్చే ప్రతి బంతినీ తలతో బయటికి కొట్టాలి. కుట్లున్న తలతో గంటన్నర ఆ పని చేయించడం కుదరదు. అలాగని అంతటి మనిషిని బయట కూర్చోబెట్టడానికీ మనసు రాదు.

ఇక్కడే కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ బుర్ర పనిచేసింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు అందించిన కోచ్ ఆయన. జర్నైల్‌ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే ముందు వరస మధ్యలో గోల్స్ కొట్టే చోట పెట్టేశారు! స్టాపర్ చోటు అరుణ్ ఘోష్‌కి ఇచ్చారు. ఆ కుర్రాడు ఆ బరువు మోశాడు కాబట్టే ఈ మార్పు నిలబడింది. నన్నడిగితే జర్నైల్ గోల్స్ ఎంత ముఖ్యమో, ఘోష్ ఆట కూడా అంతే ముఖ్యం.

సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2. కెప్టెన్ చునీ గోస్వామి రెండు, జర్నైల్ ఒకటి.

ఇప్పుడు ఫైనల్. కొరియా మొదటి మ్యాచ్‌లో చూసిన మన జట్టు వేరు. ఇప్పుడు ముందు వరసలో నిలబడ్డ ఈ భారీ మనిషి వేరు. అంత బలమైనవాడు మధ్యలో ఉంటే వాళ్ల సెంటర్ హాఫ్ (రక్షణ వరస మధ్యలో ఉండేవాడు) అతన్ని వదిలి కదలలేడు. అప్పుడు చునీకి, సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన బలరామ్‌కి, కుడి అంచున పీకే బెనర్జీకి కాస్త చోటు దొరుకుతుంది. హైదరాబాదీ యూసుఫ్ ఖాన్ కూడా ఆ వరసలోనే ఉన్నాడు. గోల్‌పోస్ట్ దగ్గర బర్మన్‌కి బదులు పొడగరి తంగరాజ్. పైనుంచి వచ్చే బంతులకి ఆ ఎత్తు కావాలి.

స్టేడియమంతా మనకి వ్యతిరేకం. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారుల్ని ఇండోనేసియా రానివ్వకపోతే, మన క్రీడాధికారి గురుదత్ సోంధీ వీటిని ఏషియన్ గేమ్స్ అనకూడదని అభ్యంతరం చెప్పారు. ఆ కోపంతో జనం మన రాయబార కార్యాలయం మీదికి వెళ్లారు. ఫైనల్లో మనకోసం అరిచిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ జట్టు ఉంది!

17వ నిమిషంలో పీకే గోల్. 20వ నిమిషంలో జర్నైల్ గోల్. మూడు నిమిషాల తేడాలో రెండు. అక్కణ్ణుంచి కాపాడుకోవడమే మన పని. 85వ నిమిషంలో కొరియా ఒకటి తిప్పికొట్టినా, రెండోది మనవాళ్లు ఇవ్వలేదు.

అప్పటికే రహీమ్ సాబ్‌ని క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి దక్కింది ఒక్క పతకమే: 1970 బ్యాంకాక్‌లో కాంస్యం. ఆ జట్టు కెప్టెన్ కూడా హైదరాబాదీయే, సయ్యద్ నయీముద్దీన్.