కెమెరాని కింద కూర్చోబెట్టిన దర్శకుడు

అందరికీ నమస్కారం. కాసేపట్లో మనం చూడబోయేది యసుజిరో ఓజు 1953లో తీసిన జపనీస్ సినిమా ‘టోక్యో స్టోరీ’. నిడివి 136 నిమిషాలు. ఒనొమిచి అనే రేవు ఊరి నుంచి ముసలి దంపతులు టోక్యోలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వెళ్తారు. పిల్లలకి తీరిక ఉండదు. తిరిగొచ్చాక తల్లి చనిపోతుంది. కథంతా చెప్పేశానని నొచ్చుకోకండి, ఈ సినిమాకి కథ తెలిసి కూర్చోవడమే మంచిది. గురజాడ ఊళ్లో ఉన్నాం కదా, మన చెవి ముందు మాట మీదికే పోతుంది. ఇవాళ కంటికి పని చెబుదాం.

మొదట కెమెరా ఎత్తు. చాప మీద కూర్చున్న మనిషి కంటికన్నా ఇంకాస్త కిందే ఉంటుంది. దీన్ని చాలామంది లో యాంగిల్ అనేస్తారు. లో యాంగిల్ అంటే కింద నుంచి పైకి వాల్చి తీయడం, మన హీరో ఎంట్రీల్లో చేసేది. ఓజు తగ్గించింది ఎత్తుని, కోణం జోలికి పెద్దగా పోలేదు. తేడా తెలియాలంటే ఇంట్లో పీట మీద పుస్తకాలు పేర్చి, నేలకి రెండడుగుల లోపు ఎత్తులో ఫోన్ నిలబెట్టండి. పైకి వాల్చారా, ద్వారబంధం రెండు పక్కలూ పైన ఒకదానివైపొకటి ఒరిగిపోతాయి. నిటారుగా ఉంచితే అదే ద్వారబంధం లోపలి మనుషులకి పటం కట్టినట్టు నిలబడుతుంది. ఫోన్ మామూలు లెన్సు వెడల్పెక్కువ, గదిని సాగదీస్తుంది. 2ఎక్స్ పెట్టుకుని వెనక్కి జరగండి. ఓజు వాడింది అంత వెడల్పు చూపించని 50 మిల్లీమీటర్ల లెన్సు.

ఇక చూపులు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్య ఒక గీత ఉందనుకుని, కెమెరా దానికి ఒకే పక్కన ఉండాలంటారు. అదే 180 డిగ్రీల నియమం. దాటితే ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు పడుతుంది. ఓజు హాయిగా దాటేస్తాడు. అయినా మనం దారి తప్పం. ఈ షాట్‌లో తల ఎక్కడ, ఎంత ఉందో, ఎదుటి మనిషి షాట్‌లోనూ దాదాపు అక్కడే, అంతే ఉంటుంది కాబట్టి.

అసలు పనితనం వదిలేసిన వాటిలో ఉంది. ప్రయాణానికి సర్దుకుంటూ గాలి దిండు కనబడక, నీకే ఇచ్చానుగా అని ముసలాయన భార్య మీద పెడతాడు. చివరికి తన దగ్గరే దొరుకుతుంది. కాసేపటికే తెర మీద టోక్యో పొగగొట్టాలు. రైలు లేదు, వీడ్కోలు లేదు. అమ్మానాన్నల్ని విజయనగరంలో సికింద్రాబాద్ బండెక్కించే సీను మనవాళ్లు తీస్తే ప్లాట్‌ఫారం, కిటికీ, చెయ్యూపడం తప్పవు. తల్లి జబ్బు సంగతి కూడా టోక్యో పిల్లలకి టెలిగ్రాంగానే వస్తుంది. ముందస్తు గుర్తు అటామి అనే తీరపు ఊళ్లో సముద్రపు గట్టు మీద ఉంది: తల్లి లేవబోయి తూలి, అలాగే చతికిలబడుతుంది. క్లోజప్ వెయ్యడు. ఆ క్షణం తల తిప్పారంటే పోయినట్టే.

కెమెరా కదలడం చాలా అరుదు. ఉండటానికి చోటు లేక దంపతులు టోక్యోలోని ఉఎనో అనే చోట కూర్చున్నప్పుడు గోడ వెంట మెల్లగా జరుగుతూ వాళ్లని వెతుక్కుంటుంది.

సబ్‌టైటిళ్లు చదువుతూ పిలుపులు వినండి. సొంత కూతురు తన సెలూన్‌లో వీళ్లని ఊరి నుంచొచ్చిన తెలిసినవాళ్లంటుంది. విధవ కోడలు నోరికో మాత్రం అత్తగారిని ‘ఒకాసామా’ అంటుంది, అంటే అమ్మా అని.

మొదట్లో కిటికీ దగ్గరకొచ్చి పలకరించే పక్కింటావిడ ఆఖర్న మళ్లీ వస్తుంది. సర్దుకునేటప్పుడు ముసలావిడ ఎటు పక్కన కూర్చుందో మాత్రం గుర్తుపెట్టుకోండి. లైట్లు ఆర్పేస్తున్నారు.