రిమోట్ టీమ్ నడపడం: హ్యాండోవర్ నోటుతో మొదలుపెట్టండి

నమస్కారం. మీ టీమ్‌లో ఇద్దరు హైదరాబాద్‌లో, ఒకరు విజయవాడలో, మేనేజరు కాలిఫోర్నియాలో ఉన్నారనుకోండి. ఇలాంటి టీమ్‌ను కొత్తగా చేతిలోకి తీసుకున్నవారు ముందుగా అడిగేది మీటింగు ఎన్నింటికి పెట్టాలని. నన్నడిగితే మీటింగు తర్వాత. పని ఎక్కడిదాకా వచ్చిందో అవతలివారికి తెలిసేలా రోజు చివర రాసే హ్యాండోవర్ నోటు సరిగ్గా ఉంటే టీమ్ సగం దారిలో పడినట్టే.

ఎందుకంటే, ఒకసారి గడియారం చూడండి. వేసవిలో కాలిఫోర్నియా మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది. మనం ఉదయం 9కి కూర్చుంటే అక్కడ ముందురోజు రాత్రి 8:30. మనం సాయంత్రం 6కి లేస్తే అక్కడ తెల్లవారుజామున 5:30. అంటే రెండు చోట్లా మామూలు ఆఫీసు వేళలే పాటిస్తే ఒక్క నిమిషం కూడా కలవదు. పైగా నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మనం తిప్పం. మనకు రాత్రి 8:30కి ఉన్న మీటింగు 9:30కి జరిగిపోతుంది. మార్చి రెండో ఆదివారం దాకా అంతే. అన్ని నెలలూ రాత్రి మేలుకొనే పని ఇండియా వైపే పడటం న్యాయం కాదు. ఒక వారం మనం రాత్రి కూర్చుంటే, మరో వారం వాళ్లు రాత్రి కూర్చోవాలి. ఈ మాట మొహమాటపడకుండా అడగండి.

ఇప్పుడు స్క్రీన్ మీదికి రండి. ఇది చాలామంది రాసే నోటు.

“రీఫండ్ సమస్య చూస్తున్నాను. ఇంకా పూర్తి కాలేదు. రేపు చూస్తాను.”

దీన్ని అవతలివారు పొద్దున్నే చదివి ఏం చేయగలరు? ఏమీ చేయలేరు. ప్రశ్న పంపుతారు. అప్పటికి మీరు ఇంటి పనుల్లోనో నిద్రలోనో ఉంటారు. ఒక రోజు పోయినట్టే. అదే విషయం ఇలా రాస్తే చూడండి.

“రీఫండ్ వెళ్తోంది, కానీ ఖాతాదారుకు ఈమెయిల్ వెళ్లడం లేదు. డాలర్లలో చెల్లించినవారికి వెళ్తోంది, యూరోల్లో చెల్లించినవారికి ఆగిపోతోంది. నిన్నటి మార్పును వెనక్కి తీసి చూశాను, ఫలితం లేదు. టెంప్లేటులో కరెన్సీ గుర్తు దగ్గర ఉందని నా అనుమానం. లాగ్ లింకు కింద ఇచ్చాను. టెంప్లేటు సరిచేసి టెస్ట్ సర్వర్‌లో పెట్టండి. ప్రొడక్షన్‌లో (ఖాతాదారులు వాడే అసలు సర్వర్‌లో) మాత్రం నేను వచ్చేదాకా పెట్టవద్దు.”

మూడో వాక్యం గమనించారా? చేసి చూసి కుదరని పని కూడా రాశారు. నా లెక్కలో నోటు మొత్తంలో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే, ఎందుకంటే అవతలివారు మళ్లీ అదే దారిలో వెళ్లి గంటలు పోగొట్టుకోరు. మనవాళ్లు సాధారణంగా వదిలేసేదీ ఈ వాక్యాన్నే. ‘ఇక్కడ ఆగిపోయాను’ అని రాస్తే చేతకానివాడు అనుకుంటారేమోనని భయం. పక్క సీటులో ఉంటే ముఖం చూసి కనిపెట్టవచ్చు. దూరం నుంచి ఎవరికీ తెలియదు. అందుకే ఈ భయం పోగొట్టడం టీమ్‌ను నడిపేవారి మొదటి పని.

దీనికి గిట్‌ల్యాబ్ మంచి ఉదాహరణ. సాఫ్ట్‌వేర్ కోడ్‌ను ఒకచోట ఉంచి కలిసి పనిచేసుకునే వేదిక అది. 2011లో ఉక్రెయిన్‌లో డిమిత్రి జపొరోజెట్స్ మొదలుపెట్టారు. తర్వాత నెదర్లాండ్స్ నుంచి సిడ్ సిబ్రాండి కలిశారు. మొదటి నుంచీ దూరం నుంచే పని, తమ పద్ధతులన్నీ రాసిన హ్యాండ్‌బుక్ ఎవరైనా చదివేలా బయటే పెట్టారు. 2021లో అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో లిస్టయ్యారు. 2017 జనవరి 31న అక్కడి ఇంజనీరు ఒకరు ఒక సర్వర్ అనుకొని ఇంకో సర్వర్‌లో డేటాబేస్ చెరిపేశారు. సుమారు 300 జీబీ పోయింది. బ్యాకప్‌కు ఐదు ఏర్పాట్లున్నా అవసరానికి ఏదీ సరిగ్గా పనిచేయలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసి ఉంచిన కాపీ ఒకటి ఆదుకుంది. ఆ మరమ్మతును వాళ్లు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. తర్వాతి నివేదికలో ఆ ఇంజనీరు పేరు రాయలేదు. బ్యాకప్‌లు పనిచేస్తున్నాయో లేదో ఎవరూ ఎందుకు పరీక్షించలేదన్నదాని మీద దృష్టి పెట్టారు.

మీ టీమ్‌లో ఎవరైనా ‘నా వల్ల పొరపాటు జరిగింది’ అని చాట్‌లో రాసినప్పుడు మీరిచ్చే మొదటి జవాబును అందరూ చదువుతారు. ‘ఇప్పుడు ఏం ఆపాలి, నేనేం చేయాలి’ అని అడగండి. ‘ఎవరు చేశారు’ అని అడిగారా, ఆ తర్వాత మీకు నోట్లు వస్తాయి, నిజాలు రావు.

చాట్‌లో మనిషి ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపే పచ్చచుక్క ఎంతసేపు వెలిగిందో లెక్కపెట్టడం, స్క్రీన్ ఫొటోలు తీసే సాఫ్ట్‌వేర్ పెట్టడం నాకు అసలు నచ్చవు. నోటు చదివితే పని జరిగిందో లేదో తెలిసిపోతుంది.

ఇక చేయాల్సింది. ఈ రోజు నుంచే అందరి నోట్లూ ఒకే చోట పెట్టించండి, విడివిడి చాట్‌లలో వద్దు. మొదటి వారం మీ నోటు మీరే అందరికన్నా ముందు రాయండి, అందులో మీరు ఎక్కడ ఆగిపోయారో తప్పకుండా ఉండాలి. కొత్తగా చేరినవారికి పాత నోట్లు ఓ పది ఇచ్చి, అర్థం కాని చోటల్లా గుర్తు పెట్టమనండి. గుర్తు పెట్టిన ప్రతి చోటునూ రాసినవారే సరిచేయాలి.