చేతికి అందని రాయిని అమ్మడం: సానపట్టే యువకులకు చేసిన ప్రసంగం

సభకు నమస్కారం.

పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు వజ్రాల గనులను చూడడానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, ఇక్కడి వ్యాపారులు రాళ్లను పరీక్షించే తీరును శ్రద్ధగా గమనించి రాసిపెట్టాడు. ఐరోపాలో పగటి వెలుగులో చేసే పరీక్షను ఇక్కడివారు రాత్రిపూట చేసేవారు; గోడలో అడుగు చదరపు గూడు చేసి, అందులో పెద్ద వత్తి దీపం ఉంచి, రాయిని వేళ్ల మధ్య పట్టుకుని దాని నీటిని, అంటే తేటదనాన్ని, అంచనా కట్టేవారు. సానపట్టిన రాయిలో నీలిఛాయ ఉందేమోనన్న అనుమానం వస్తే దట్టమైన చెట్టు కిందికి తీసుకెళ్లి ఆ పచ్చని నీడలో చూసేవారు. బేరం కూడా నోటితో సాగేది కాదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, నడికట్టు గుడ్డ కింద చేతులు దాచుకుని, చెయ్యంతా పట్టుకుంటే వెయ్యి, ఒక్క వేలు పట్టుకుంటే వంద అన్న లెక్కన ధర తేల్చుకునేవారు.

ఆ పద్ధతిలో రాయి కొనేవాడి వేళ్ల మధ్య ఉండేది, ఏ వెలుగులో చూడాలో కూడా అతడే నిర్ణయించుకునేవాడు. మనం ఫోన్ తెర మీద అమ్ముతున్నప్పుడు రాయి మన సొరుగులో ఉంటుంది, వెలుగును ఎంచుకునేదీ మనమే. కనుక ఎదుటివాడు తన చేతిలో రాయి ఉంటే ఏయే పరీక్షలు చేసేవాడో వాటిని అతని తరఫున మనమే చేసి, వచ్చిన ఫలితాన్ని అతని ముందు పెట్టవలసిన బాధ్యత మన మీద పడింది. ఈ సంగతి నేను రాయి పోగొట్టుకోకుండానే, కొద్దిపాటి పరువు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

కొత్తగూడెం సమీపంలోని గరీబ్‌పేట ఆల్మండైన్ గార్నెట్లకు పేరున్న చోటు అని మీలో చాలామందికి తెలుసు. ఆల్మండైన్ ఎర్రటిదే గానీ దానిలోని ఇనుము వల్ల రాయి కాస్త మందంగా ఉందంటే నల్లబడుతుంది. అలాంటి రాయి ఒకటి నేను కోసి, వెనుక నుంచి దీపం వేసి ఫోటో తీశాను. దానిమ్మ గింజలా వెలిగింది. విదేశంలో ఉంటున్న మన తెలుగాయన ఒకరు కొన్నారు. రాయి అందిన రోజునే, "కోత బాగుంది గానీ మా ఇంట్లో ఇది నల్లగా ఉందండీ" అని ఎంతో మర్యాదగా రాశారు. ఆ ఫోటోలో అబద్ధం లేదు. కానీ ఉంగరంలో పొదిగిన రాయికి వెనుక నుంచి దీపం వెయ్యడం ఎవరికీ సాధ్యం కాదు. రాయి వెనక్కి వచ్చింది. పాతకాలపు సానవాళ్లు ముదురు గార్నెట్‌ను పైన గుండ్రంగా తీర్చి అడుగున గుంటలా తొలిచేవారు. పలచబడిన చోట వెలుగు దూరి ఎరుపు కనిపించేది. వెనక్కి వచ్చిన రాయికి నేనూ అదే చేశాను. బరువు బాగా తగ్గింది, రంగు వచ్చింది.

బరువు తగ్గిందన్న మాట దగ్గరే మన అసలు చిక్కు మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో కొనేవారు ముందు చూసేది ఒక పట్టిక. ఆ పట్టికలో రాళ్లు క్యారెట్ల వరుసలోనో, క్యారెట్ ధర వరుసలోనో పేర్చి ఉంటాయి. చేత్తో కోసేవాడు వెలుగు కోసం బరువును వదులుకుంటాడు. ముడిరాయిలో మూడో వంతు మిగలని సందర్భాలే ఎక్కువ. బరువు కోసం కోసేవాడు రాయికి బొజ్జ వదిలేస్తాడు, లేదా అడుగు పలకలను చదునుగా ఉంచుతాడు. పట్టికలో గెలిచేది ఆ రెండో మనిషే. ఈ లోపాన్ని కొనుగోలుదారుకు కనిపించేలా చెయ్యడం మన చేతిలోనే ఉంది. నీలానికి వక్రీభవన గుణకం, అంటే వెలుగును వంచే కొలత, 1.76 దాకా ఉంటుంది కనుక దాని సందిగ్ధ కోణం, అంటే లోపలి వెలుగు బయటికి జారకుండా వెనక్కి తిరగడం మొదలయ్యే హద్దు, సుమారు 34.5 డిగ్రీలు, స్ఫటికానికి అది 40 డిగ్రీలకు కొంచెం ఎక్కువ. అడుగు పలకల వాలు ఆ కోణం కంటే తక్కువగా ఉంటే పైనుంచి దిగిన వెలుగు తిరిగి కంటికి రాకుండా కిందికి జారిపోతుంది, రాయి నడుమ కిటికీ తెరిచినట్టు ఖాళీ కనిపిస్తుంది. రాయిని ముఖం పైకి ఉంచి వార్తాపత్రిక అక్షరాల మీద పెట్టి ఒక ఫోటో తియ్యండి. కిటికీ ఉన్న రాయిలోంచి అక్షరాలు చదవగలం, బాగా కోసిన రాయిలోంచి చదవలేం. ఈ ఒక్క ఫోటో మన కూలిని సమర్థించినంతగా పేజీ నిండా రాసిన పొగడ్త సమర్థించదు.

బరువును ఏ కొలతలో చెబుతున్నామో కూడా స్పష్టంగా రాయాలి. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు. అందులో వాదం లేదు. రత్తి సంగతి అలా కాదు. గురివింద గింజ నుంచి పుట్టిన ఆ తూకం ఒక అంగడిలో 120 మిల్లీగ్రాముల దగ్గర, మరో అంగడిలో 180 దాటి నడుస్తోంది. జాతకం కోసం కొనేవారు రత్తుల్లోనే అడుగుతారు, చెప్పండి, తప్పు లేదు. పక్కనే క్యారెట్లు కూడా రాయండి. (గ్రహబలం మాట జ్యోతిష్కులకు వదిలెయ్యండి. రాయి గుణం చెప్పడం మన పని, ఫలితం చెప్పడం కాదు.) బరువుతోపాటు పొడవు, వెడల్పు, లోతు మిల్లీమీటర్లలో ఉండాలి, ఎందుకంటే కెంపు సాంద్రత 4, పచ్చది 2.7 ప్రాంతం, ఒకే బరువున్న కెంపు, పచ్చ పక్కపక్కన పెడితే పచ్చే పెద్దదిగా కనిపిస్తుంది. లోతు రాసిన చోట బొజ్జ దాగదు.

ఇక వెలుగు. విశాఖ మన్యం వైపు దొరికే అలెక్సాండ్రైట్ పగటి వెలుగులో ఆకుపచ్చగా, పాతకాలపు వేడి బల్బు కింద ఎర్రగా మారుతుంది. దాని విలువంతా ఆ మార్పులోనే ఉంది. ఫోన్ కెమెరా తెలివిగా రంగులను సర్దేసి ఆ మార్పును చెరిపేస్తుంది, లేదా లేని మార్పును పుట్టిస్తుంది. అందుకని తెల్ల కాగితాన్ని రాయి పక్కన ఉంచి, రంగుల సర్దుబాటును పగటి వెలుగుకు కట్టేసి, ఆ అమరిక మార్చకుండా రెండు వెలుగుల్లోనూ తీయడం మంచిది. వైడూర్యానికి ఫోటో చాలదు, వీడియో కావాలి: ఒక్క చిన్న దీపాన్ని అటూ ఇటూ కదుపుతుంటే పిల్లికన్నులాంటి వెలుగు గీత రాయి నడుమ నడుస్తోందా, ఒక పక్కకు ఒరిగిందా అన్నది తెలుస్తుంది, ఆ ఒరుగుడు సానపట్టినవాడి తప్పే. వెలుగుతో మాయ చెయ్యడం ఫోన్‌తో పుట్టిన జబ్బు కాదనుకోండి. వజ్రాల పొట్లంలో నీలి కాగితం వేసేది ఎందుకు? పసుపు ఛాయ కనపడకుండా ఉండడానికే గదా. కుందనంలో రాయి వెనుక రేకు పెట్టేదీ మెరుపు కోసమే. తేడా ఏమిటంటే, అప్పుడు కొనేవాడు పొట్లం విప్పి రాయిని తెల్ల కాగితం మీదికి దొర్లించుకోగలిగేవాడు.

రాయికి చేసిన చికిత్సల విషయంలో నేను కొంచెం కటువుగానే మాట్లాడతాను. నీలాలను, కెంపులను కాల్చడం పాత ఆచారం. పచ్చలకు నూనె పట్టించడం కూడా అంతే. ఇవి దోషాలు కావు, చెప్పకపోవడం దోషం. కాల్చిన కెంపు ఒక ధర, పగుళ్లలో సీసపు గాజు నింపిన కెంపు దానిలో ఎన్నో వంతుకు కూడా తూగదు, పైగా ఆ గాజు కంసాలి వాడే ఆమ్లానికే కరిగిపోతుంది. 1902లో వెర్నుయి అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త కెంపును మంటలో పెంచే పద్ధతిని ప్రకటించిన నాటినుంచి, కెంపు అన్న పేరు ఒక్కటే చాలడం మానేసింది. గనిలో పుట్టిందా, కొలిమిలో పుట్టిందా అన్నది మొదటి వాక్యంలోనే రావాలి. కశ్మీరు నీలమని, బర్మా కెంపని రాసే ముందు పరీక్షాశాల పత్రం చేతిలో ఉండాలి, ఆ పత్రం కూడా పుట్టిన చోటు గురించి ఇచ్చేది ఒక అభిప్రాయమేనని కొనేవారికి చెప్పాలి.

రాయిలోని లోపాలను చూపడానికి మీరు జంకడం నాకు తెలుసు. ఇక్కడ ఒక లాభం గమనించండి. లోపల ఉన్న సూది, పొర, బుడగ, పగులు మరో రాయిలో అదే చోట అదే తీరుగా ఉండవు. సూక్ష్మదర్శిని కింద వాటిని ఫోటో తీసి పేజీలో పెట్టారంటే ధర కొంత తగ్గవచ్చు, కానీ ఆ రాయికి వేలిముద్ర తీసుకున్నట్టే. వేరే రాయిని పొట్లంలో పెట్టి వెనక్కి పంపే కొనుగోలుదారులూ ఉన్నారు. అప్పుడు మన పక్షాన నిలబడే సాక్ష్యం ఆ లోపమే. రాయిని తూచి, పొట్లం కట్టి, ముద్ర వేసే దాకా ఆపకుండా వీడియో తియ్యండి. తిరిగొచ్చిన పార్శిల్‌ను విప్పేటప్పుడూ అంతే: ముందు మూసి ఉన్నదాన్ని తూచి, ఆ తర్వాత విప్పాలి. చాలా కొరియర్ సంస్థల షరతుల్లో రత్నాలకు మినహాయింపు ఉంటుంది, వస్తువు పోతే పైసా రాదు. బీమా పత్రంలో రత్నాలన్న మాట ఉందో లేదో చదివి తీరాలి.

చట్టం మాట క్లుప్తంగా చెబుతాను. 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు చెప్పకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. కనుక పేజీలో రాసిన ప్రతి విశేషణమూ మనం సంతకం చేసిన మాటే. "అద్భుతమైన", "అరుదైన" అన్నవాటిని తీసేసి వాటి చోట కొలతలు రాస్తే సగం తగాదాలు ఉండవు. మనది ఒకే ఒక్క రాయి గదా. దాన్ని రెండు చోట్ల అమ్మకానికి పెట్టి, ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకుని తల పట్టుకున్నవాళ్లను నేను చూశాను.

తిరిగొచ్చిన ఆ గార్నెట్‌ను రెండోసారి పేజీలో పెట్టినప్పుడు నాలుగు ఫోటోలు తీశాను: కిటికీ పక్కన, ట్యూబ్‌లైట్ కింద, సాయంత్రం మసక వెలుగులో, మా ఇంటావిడ వేలి మీద. మూడోది ఏమంత అందంగా లేదు. కొన్నామె మాత్రం ఆ ఫోటో చూసే కొన్నానని రాసింది. అలాంటివే మూడు రాళ్లు ఈ బల్ల మీద ఉన్నాయి, ఒకదానికి కిటికీ ఉంది, ఒకదానికి బొజ్జ ఉంది. దయచేసి వరుసగా వచ్చి, చేతిలోకి తీసుకుని, ఆ తలుపు బయట ఉన్న వేపచెట్టు కింద ఒకసారి, ఈ దీపం కింద మరోసారి చూడండి. తర్వాత మీ ఫోన్లతో ఫోటోలు తీసి, రాయికీ ఫోటోకీ ఎంత దూరం ఉందో నాకు చెప్పండి.