ముందు ఎవరు మాట్లాడాలి?

శ్రోతలకు నమస్కారం.

మేం ఏడెనిమిది మంది స్నేహితులం కలిసి మా ఊళ్లో ఒక రోజంతా చర్చ పెడదామనుకుంటున్నాం. విషయం అణచివేత, సామాజిక న్యాయం. కమ్యూనిటీ సైకాలజీ అని ఒక చదువుంది, ఆ వైపు నుంచి చూద్దామని. వినడానికి పెద్ద మాటలే గానీ సంగతి మనకు తెలిసిందే. ఒక మనిషి మనసు బాగోలేదంటే కారణం ఆ మనిషి తలలోనే వెతికితే సరిపోదు, ఉండే వీధి, చేసే పని, చేతికొచ్చే కూలి, నలుగురూ పిలిచే పిలుపు, వీటిల్లో కూడా వెతకాలి. 1965లో అమెరికాలో బోస్టన్ దగ్గర స్వాంప్‌స్కాట్ అనే ఊళ్లో కొందరు సైకాలజిస్టులు సమావేశమై ఈ చదువుకి ఆ పేరు పెట్టారు. ఆ పేరు వినకుండానే ఆ పని చేసిన ఊరు మనకొకటి ఉంది. దూబగుంట. ఈ చర్చ గురించి ఎవరు అడిగినా నేను దూబగుంట దగ్గరే మొదలుపెడతాను.

నెల్లూరు జిల్లా, కలిగిరి మండలం. 1990ల మొదట్లో జిల్లా అంతటా అక్షరదీపం పేరుతో రాత్రి బడులు నడిచాయి. సారా ప్యాకెట్లు ఊరూరికీ చేరుతున్న రోజులవి, చేరవేసే ఏర్పాటుకి ప్రభుత్వమే వారుణి వాహిని అని పేరు పెట్టింది. పగలంతా పొలంలో వంగి పనిచేసి, ఇంటికొచ్చి వండి పెట్టి, పిల్లల్ని పడుకోబెట్టి, అప్పుడు పలక పట్టుకుని బడికి వచ్చేవాళ్లు ఆడవాళ్లు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. సారా ఒక ఇంటిని ఏం చేసిందో చెప్పే పాఠం.

ఆ రాత్రి నేనక్కడ లేను, కానీ ఎలా ఉండి ఉంటుందో ఊహించగలను. చదువుతున్నామె మధ్యలో ఆగిపోయి ఉంటుంది. ఇది మా ఇంటి కథే కదా అని ఒకామె అని ఉంటుంది, మా ఇంట్లోనూ ఇంతేనమ్మా అని పక్కనామె. అప్పటిదాకా ఎవరి ఇంట్లో వాళ్లు తలుపేసుకుని, నా మొగుడు ఇంతే, నా ఖర్మ ఇంతే అనుకున్నవాళ్లు. ఒక్కొక్కరికీ ఒక్కో ఖర్మ. పక్కపక్కన కూర్చుని చెప్పుకున్నాక, ఇన్ని ఇళ్లలో ఒకేలా ఉంటే అది ఖర్మ ఎలా అవుతుంది? నాకు ఆ ఒక్క క్షణమే కావాలి. మేం పెట్టబోయే చర్చలో కూడా అదే కావాలి.

తర్వాత జరిగింది మీలో చాలామందికి తెలుసు. ఆ ఊరి రోశమ్మ ముందు నడిచింది, ఆడవాళ్లంతా కలిసి వెళ్లి సారా కొట్టు మూయించారు. ఆ కబురు పక్క ఊళ్లకి పాకింది, చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఆడవాళ్లు రోడ్డు మీదికొచ్చారు, సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది కూడా. సడలిపోయింది కాబట్టి అంతా వృథా అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. అలా కలిసి కూర్చోవడం నేర్చుకున్న ఆడవాళ్లే ఆ జిల్లాలో రోజుకి రూపాయి చొప్పున దాచుకుంటూ పొదుపు సంఘాలు నడిపారు.

మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశంలో ఇగ్నాసియో మార్తిన్ బారో అని ఒక క్రైస్తవ ఫాదర్, జెస్యూట్ సంఘంవాడు, సైకాలజీ ప్రొఫెసర్, ఈ ఖర్మ గురించే రాశాడు. పేదవాళ్లు తలరాత అని సర్దుకుపోతారు, అది వాళ్ల స్వభావం అంటారే, స్వభావం కాదు, ఎంత మొత్తుకున్నా ఏదీ మారని బతుకు నేర్పిన పాఠం అన్నాడు. జనం తమ గతాన్ని గుర్తు చేసుకుని, కూడి, తమ కోసం ఏదైనా చేసుకున్నప్పుడే అది కరుగుతుంది అన్నాడు. 1989 నవంబరు 16న సైనికులు యూనివర్సిటీలోకి వచ్చి ఆయన్నీ, ఇంకో ఐదుగురు ఫాదర్లనీ, అక్కడ వంట చేసే ఆమెనీ, ఆమె కూతుర్నీ కాల్చి చంపారు.

ఇప్పుడు మా సంగతి. పోయినేడాది ఇలాంటిదే ఒక సభకి నేను వెళ్లాను, పారిశుద్ధ్య కార్మికుల గురించి. ఉదయం పది గంటలకి మొదలు, వేదిక మీద ఏడు కుర్చీలు, పూలబొకేలు, ఒకరి తర్వాత ఒకరు మైకు. ఎవరి గురించి మాట్లాడుతున్నారో వాళ్లు వెనక వరసలో ఆరుగురు కూర్చున్నారు, వాళ్ల మేస్త్రీ కూడా అక్కడే ఉన్నాడు. ఒక్కరూ నోరు విప్పలేదు. అంతా అయ్యాక, కుర్చీలు మడతపెడుతుంటే, వాళ్లలో ఒకావిడ నాతో చెప్పింది. పనిలో దాహమేసి ఎవరింట్లోనైనా నీళ్లడిగితే గ్లాసు ఇవ్వరట, చెంబు పైకెత్తి దోసిట్లో పోస్తారట. "అడగడం మానేశానమ్మా, దాహం అలవాటైపోయింది" అంది, దోసిలి పట్టి చూపిస్తూ. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. ఆ రోజు మొత్తంలో వినాల్సిన మాట అదొక్కటే, అది మైకులో రాలేదు.

అందుకే మా వాళ్లతో నేను పట్టుబట్టింది ఒక్కటే. ముందు ఎవరు మాట్లాడాలి? ముందు ఒక ప్రొఫెసర్‌గారు విషయం వివరిస్తే అందరికీ అర్థమవుతుంది కదా అని ఒక స్నేహితుడు అన్నాడు, మంచి ఉద్దేశంతోనే అన్నాడు. కానీ పెద్దాయన పెద్ద మాటలతో మొదలుపెడితే, వెనకున్న ఆవిడ తన మాట చిన్నదనుకుని మింగేస్తుంది. ముందు ఆవిడ మాట్లాడాలి. ప్రొఫెసర్‌గారు పొద్దున్నుంచీ కూర్చుని వినాలి, భోజనాలయ్యాక పావుగంట మాట్లాడాలి, తను విన్నదాని మీదే మాట్లాడాలి. వేదిక వద్దు, చాపలో కుర్చీలో అందరికీ ఒకే రకం, గుండ్రంగా. పొద్దుటి పూట మేస్త్రీలని, అధికారులని పిలవొద్దు, వాళ్లెదురుగా మాట్లాడితే రేపు పని ఉంటుందో లేదోనని టెన్షన్ ఉంటుంది, సాయంత్రం రమ్మందాం. పని మానుకుని వచ్చినవాళ్లకి ఆ రోజు కూలి ఇవ్వాలి, బొకేల డబ్బు మిగుల్తుంది కదా, దానికి మనం తలా కొంచెం కలుపుదాం. ఎవరి మాటా వాళ్లనడగకుండా ఫోన్లో రికార్డు చేయొద్దు.

మీ ఊళ్లో, మీ కాలేజీలో ఇలాంటి రోజు పెట్టాలనుకుంటే మీరు కూడా ముందు ఇదే తేల్చుకోండి. ఎవరిని పిలవాలి అనేదానికంటే ముందు, ఎవరు మాట్లాడాలి.

తేదీ మేం పెట్టలేదు. ఆ దోసిలి పట్టి చూపించినావిడకి ఫోన్ చేసి, మీకెప్పుడు వీలవుతుందని అడిగాను. వారం మధ్యలో కుదరదమ్మా, ఆదివారమైతే తెల్లవారుజామున ఊడ్చేసి, ఇంటికెళ్లి స్నానం చేసి పదకొండుకల్లా వస్తాం అంది. కాసేపాగి, పిల్లల్ని తెచ్చుకోవచ్చా అని అడిగింది. తెచ్చుకోమన్నాను. ఆదివారం, పదకొండు గంటలకి. బిందె నిండా చల్లటి నీళ్లు, అందరికీ సరిపడా గ్లాసులు, నేను తెస్తానని చెప్పాను.

నమస్కారం.