హెచ్‌సీవీ రియాక్టివ్: కాన్పు అయ్యాక ఫైలు ఎక్కడ పెట్టారు?

[స్క్రీన్ మీద: గర్భిణి రక్త పరీక్ష కాగితం. ‘హెచ్‌సీవీ – రియాక్టివ్’ అన్న వరుస చుట్టూ ఎర్ర గీత]

నమస్తే. ఈ వరుస చూడగానే ఇంట్లో పుట్టే టెన్షన్ ఒకటే: బిడ్డకేమవుతుంది? ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది, పైకి ఎవరూ అడగరు: అసలు ఈమెకెలా వచ్చింది?

ముందు దాని సంగతి చూద్దాం. హెచ్‌సీవీ అంటే కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్. ఇది ముఖ్యంగా రక్తం ద్వారా అంటుకుంటుంది. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి గుచ్చితే రావచ్చు. ఏ జాతరలోనో ఒకే సూదితో వరసగా పచ్చబొట్లు పొడిచినా రావచ్చు. లోపలికి చేరాక ఏళ్ల తరబడి ఏ లక్షణమూ చూపించకుండా ఉండగలదు. కాబట్టి కోడలి నడవడిక మీద పంచాయితీ పెట్టకండి. కంచం, గ్లాసు వేరు చేయడం కూడా అనవసరం. బ్లేడు, నెయిల్ కట్టర్, టూత్ బ్రష్ మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి.

[స్క్రీన్ మీద: రెండు ట్యూబులు – యాంటీబాడీ, ఆర్‌ఎన్‌ఏ]

రియాక్టివ్ అంటే వైరస్ మీద పోరాడేందుకు ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలు కనిపించాయని, అంటే వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే. కొందరిలో అది మందు లేకుండానే పోతుంది. ఇప్పుడు ఉందో లేదో చెప్పేది, రక్తంలో వైరస్‌నే నేరుగా వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. దాన్ని అడిగి చేయించుకోండి.

ఆర్‌ఎన్‌ఏ పాజిటివ్ వచ్చినా, అలాంటి తల్లులు 100 మంది ఉంటే వైరస్ సోకేది సుమారు 5, 6 మంది పిల్లలకే. తల్లికి హెచ్‌ఐవీ కూడా ఉంటే ఈ సంఖ్య పెరుగుతుంది. దీని కోసమని ఆపరేషన్ చేయించుకోనక్కర్లేదు, సిజేరియన్ వల్ల ముప్పు తగ్గదు. పాలు ఇవ్వవచ్చు. చనుమొనలు పగిలి రక్తం వస్తుంటే, పగుళ్లు మానేదాకా ఆ పాలు పిండి పారబోయాలి. హెపటైటిస్ బి అయితే పుట్టిన 24 గంటల్లో బిడ్డకు టీకా వేస్తారు. సి కి టీకా లేదు. ఈ రెండింటినీ కలిపేసుకునేవాళ్లు చాలామంది.

గర్భంతో ఉండగా అరచేతులు, అరికాళ్లు విపరీతంగా దురద పెడితే అది కాలేయం ఇబ్బంది వల్ల కావచ్చు, వెంటనే డాక్టర్‌కు చెప్పండి. కామెర్ల పసరు మాత్రం తాగకండి. అసలే దెబ్బతిన్న కాలేయం మీద అదో బరువు.

[స్క్రీన్ మీద: మ్యాప్. నర్సంపేట, హనుమకొండ, మంచిర్యాల]

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. మందులు సాధారణంగా కాన్పయ్యాక, పాలు మాన్పించాక మొదలుపెడతారు. అమ్మాయి తల్లిగారిల్లు నర్సంపేట, కాన్పు హనుమకొండలో, అత్తగారిల్లు మంచిర్యాల అనుకోండి. బిడ్డతో మంచిర్యాల వెళ్లిపోతుంది. ఫైలు నర్సంపేటలో బీరువా మీదే ఉండిపోతుంది. కొత్త దవాఖానలో ఎవరికీ ఈ సంగతి తెలియదు, ఒంట్లో బాధేమీ లేదు కాబట్టి ఆమె కూడా చెప్పదు. నయమయ్యే జబ్బు అట్లా ముదురుతుంది.

అందుకే రిపోర్టును తల్లీబిడ్డల కార్డుకే పిన్ చేయండి. మందు మాత్రల రూపంలోనే ఉంటుంది, ఎక్కువ మందికి 12 వారాలు చాలు. 100 మందిలో 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. మీ జిల్లాలో కేంద్రం ఎక్కడుందో ప్రభుత్వ దవాఖానలో అడగండి.

[స్క్రీన్ మీద: టీకా వేయించుకుంటున్న పాప]

బిడ్డకు పుట్టగానే యాంటీబాడీ పరీక్ష చేయిస్తే ప్రయోజనం ఉండదు. తల్లి యాంటీబాడీలే బిడ్డలో కనిపిస్తాయి, కంగారు తప్ప ఏమీ తేలదు. 18 నెలలు నిండాక చేయించాలి. బూస్టర్ టీకాకు వెళ్లేదీ దాదాపు ఆ వయసులోనే, ఆ రోజే గుర్తు చేయండి. అంతకంటే ముందే తెలియాలంటే 2 నెలలు దాటాక ఆర్‌ఎన్‌ఏ పరీక్ష గురించి పిల్లల డాక్టర్‌ను అడగండి. సోకినా కొందరు పిల్లల్లో దానంతటదే పోతుంది. పోకపోతే 3 ఏళ్లు దాటాక మందు ఉంది.

ఇంకొకటి. నయమైన తల్లికి రెండో కాన్పులోనూ కాగితం మీద రియాక్టివ్ అనే వస్తుంది. యాంటీబాడీలు ఒంట్లో ఉండిపోతాయి మరి. అప్పుడు కంగారు పడకుండా పాత ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు చూపించి, మళ్లీ చేయించాలేమో డాక్టర్‌నే అడగండి.