పొద్దుగుంకే వేళ గద్దల లెక్క

నమస్కారమండీ. దసరా అయిపోయింది, శనక్కాయ పెరికేశారు, నల్లరేగట్లో శనగ విత్తే పనులు నడుస్తున్నాయి, సరిగ్గా ఈ టైంలోనే మన కర్నూలు దిక్కు గడ్డిబీళ్లలోకి కజకిస్తాన్, రష్యా పక్కనుంచి పిల్లిగద్దలు దిగుతాయి, అదే హారియర్లు. ఈరోజు వాటిని ఎట్లా లెక్కపెడతారో చెప్తా.

గద్దల్ని లెక్కపెట్టడం చాలా దేశాల్లో పెద్ద పనే. అమెరికాలో హాక్ మౌంటెన్ అని ఒక కొండ, ఒకప్పుడు జనం తుపాకులు పట్టుకుని అక్కడ కూచుని దాటిపోయే గద్దనల్లా కాల్చేవాళ్లు, 1934లో రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ ఆ కొండనే లీజుకి తీసుకుని కాల్పులు మాన్పించింది, ఆ ఏడాదే లెక్కలు కూడా మొదలైనాయి. మెక్సికోలో వెరాక్రూజ్ దగ్గరయితే ఒక్క సీజన్లోనే 40 లక్షలు దాటిన ఏళ్లున్నాయి. ఎందుకంటే పెద్ద రెక్కల గద్దలు ఎండకి నేల కాగి పైకి లేచే గాలి మీద తేలుతూ పోతాయి, సముద్రం మీద ఆ గాలి సరిగా దొరకదు, దాంతో కొండకీ సముద్రానికీ మధ్య సన్నటి దారిలోంచి అన్నీ పోవాల్సిందే, కింద కుర్చీ వేసుకుని లెక్కపెట్టుకోవచ్చు.

మనకి ఆ వసతి లేదు. ఇక్కడంతా వెడల్పు మైదానం, పిల్లిగద్ద ఏమో సన్నటి పొడుగు రెక్కలది, సముద్రమన్నా దాటేస్తుంది, దానికి ఫలానా దారంటూ అక్కర్లేదు. పగలంతా మెడ పైకెత్తి నిలబడినా పదో పరకో. అందుకే మన లెక్క సాయంత్రం లెక్క. పగలు చేలమీద తలా ఒక దిక్కు తిరిగినవి పొద్దుగుంకే ముందు ఒకే బీటికి చేరి, చెట్టెక్కకుండా గడ్డిలో నేలమీదే పడుకుంటాయి. నందికొట్కూరు పక్కన రోళ్లపాడు ఉంది కదా, 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం చేశారు, 600 హెక్టార్ల పైచిలుకు, అక్కడ ఒకప్పుడు ఇవి వందల్లో దిగేవి, ప్రపంచంలోనే పెద్ద గుంపుల్లో ఒకటని పేరు. బట్టమేకలే పోయినాయి ఇంకేముందక్కడ అని మనోళ్లు తేలిగ్గా అనేస్తారు, నాకా మాట నచ్చదు.

లెక్కకి నలుగురైదుగురు కావాలి, ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ కావాలి. పొద్దుగుంకడానికి గంట ముందే బీటికి తలా ఒక పక్క, బాగా దూరంగా నిలబడతారు, ఎవరి పక్కనుంచి లోపలికొచ్చినవి వాళ్లే రాసుకోవాలి, బయటికి పోయినవి తీసేయాలి. చిక్కంతా ఇక్కడే, దిగిన పక్షి ఊరికే ఉండదు, నక్క కనపడితే చాలు గుంపంతా లేచి మళ్లీ దిగుతుంది, ఆ లేచినవాటిని కొత్తవనుకుని రాశామా లెక్క డబల్ అయిపోతుంది. మగవాటిని గుర్తుపట్టడం ఈజీనే, మాంటేగు అనే రకం పిల్లిగద్దలో మగది బూడిదరంగు, రెక్కమీద అడ్డంగా నల్లగీత ఉంటుంది, పాలిడ్ అనే ఇంకో రకంలో మగది ఇంకా తెల్లగా ఉండి రెక్క కొసలో మాత్రమే నలుపు. ఆడవీ పిల్లవీ అన్నీ గోధుమరంగే, తోక మొదట్లో తెల్లపట్టీ, చీకట్లో ఏది ఏదో తేల్చడం నిపుణులకే కష్టం, అందుకని వాటిని ‘రింగ్‌టెయిల్’ అని ఒకే కాలమ్‌లో వేసేస్తారు, అదే నిజాయితీ అని నా అభిప్రాయం.

పొద్దున అవి లేచిపోయాక వెతికితే గడ్డిలో ఉండలు దొరుకుతాయి, అరగనిదంతా నోట్లోంచి కక్కేసినవి. బొటనవేలి కొసంత ఉంటుంది, విరిపి చూస్తే మిడత కాళ్లు, రంపం పళ్లలాంటి ముళ్లతో సహా, మధ్యమధ్య ఎలుక వెంట్రుకలు. అంటే మన చేలో పురుగుని ఇవి కూలి అడక్కుండా ఏరుతున్నాయి, మనమేమో బీళ్లు దున్నేసి మిగిలిన మిడతల మీద మందు కొడుతున్నాం.

అన్నట్టు నవంబర్లో కొంచెం పైకి కూడా చూడండి, అమూర్ ఫాల్కన్ అని పావురం కన్నా చిన్న డేగ, నాగాలాండ్‌లో ఆగి, మన దక్కన్ మీదుగా అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా పోతుంది.

మీ ఊరి బీట్లో సాయంత్రం గడ్డికి ఆనుకుని రెక్కలు కాస్త పైకెత్తి అటూఇటూ ఒరుగుతూ తిరిగే గద్ద కనపడితే తేదీ, టైము, ఎన్ని, గడ్డి ఎంతెత్తు ఉంది, ఎవరన్నా తగలబెట్టారా, ఇవి రాసిపెట్టండి. దగ్గరికి పోవద్దు, బండి లైట్లు వేయొద్దు. ఏమీ రాని సాయంత్రం ఉంటుంది, ఆరోజు పేజీ ఖాళీగా వదిలేయకుండా సున్నా అని రాయండి, లేకపోతే గద్దలే రాలేదో మీరే పోలేదో వచ్చే ఏడాది చూసేవాళ్లకి తెలీదు.